బోనోబోల మనిషి

"అన్నా, ఇది జర సూడు."

నాచారం రోడ్డు పక్కన టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న ఓ కొత్త మనిషి ఫోన్ ముందుకు చాచాడు. పక్కనే పంక్చర్ షాపు నడిపే మహిపాల్ టీ తాగుతూ అయిష్టంగానే చూశాడు.

తెర మీద రెండు కోతులు కొట్టుకుంటున్నాయి.

కోతులు కావు, బోనోబోలన్నాడు ఆ మనిషి. ఆఫ్రికా అడవుల్లో ఉంటాయట. మనలాగే అలుగుతాయట, మళ్లీ కలిసిపోతాయట, కితకితలు పెడితే నవ్వుతాయట. తీరిక దొరికితే చాలు, తను వాటినే చూస్తాడట.

దెబ్బలు తిన్నది మూల కూర్చుని వణుకుతోంది. ఇంకోటి వచ్చి దాన్ని రెండు చేతులతో చుట్టేసుకుంది.

"గది దాని తల్లా?" అన్నాడు మహిపాల్.

"ఏం గాదన్నా. దెబ్బలు తిన్నదని వచ్చింది, గంతే."

నీకేం పని లేదా అని నవ్వాడు మహిపాల్.

అంతలో రోడ్డు మీద పెద్ద చప్పుడు.

ఉప్పల్ వైపు నుంచి వస్తున్న టిప్పర్ ఒక స్కూటర్‌ను గుద్దింది. స్కూటర్ నడుపుతున్న ఆమె చక్రం కింద పడి అక్కడికక్కడే చనిపోయింది.

అందరూ పరుగెత్తారు. ఆమెను చూడగానే మహిపాల్‌కు రక్తం మరిగింది. క్యాబిన్ ఎక్కి డ్రైవర్‌ను జుట్టు పట్టి కిందికి ఈడ్చాడు. నడివయసు మనిషి, చేతులు జోడించాడు. ఆ చేతుల మీదే కొట్టాడు మహిపాల్.

జనం మీద పడ్డారు. ఒకడు కడుపులో తన్నాడు. ఇంకొకడు రాయితో మూతి పగలగొట్టాడు. పళ్లు రాలాయి.

మహిపాల్ షాపులోంచి టైరు విప్పే ఇనుప కడ్డీ తెచ్చాడు.

కడ్డీ ఎత్తేసరికి, గుంపును తోసుకుంటూ టీ కొట్టు దగ్గరి మనిషి వచ్చాడు. డ్రైవర్ మీద బోర్లా పడి అతని తలను రెండు చేతులతో చుట్టేసుకున్నాడు.

"జరుగు. నీ సుట్టమా వాడు?"

"కాదు."

"మరి జరుగు. ఆమెను సంపిండు వాడు."

"సూసిన."

మహిపాల్ కొట్టాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు చుట్టూ ఉన్నవాళ్లకు వినిపించింది. అతను వదల్లేదు. మహిపాల్ మళ్లీ కొట్టాడు. అతని చెవి మీదుగా కారిన రక్తం డ్రైవర్ మొహం మీద పడింది.

"నీ ఇంట్లోళ్లకు గిట్లయితే తెలుస్తుండె నీకు" అన్నాడు మహిపాల్ రొప్పుతూ.

అతను డ్రైవర్ తలను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. ఒళ్లంతా వణుకుతోంది. దెబ్బలకే అనుకున్నాడు మహిపాల్.

పోలీసులు వచ్చాక గుంపు చెదిరింది. డ్రైవర్‌ను అంబులెన్స్ ఎక్కించారు. ఎస్సై శవం దగ్గర నిలబడి, ఆమె తాలూకువాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.



విరిగిన భుజాన్ని పట్టుకుని, ఆ మనిషి మెల్లగా నడిచి వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు.

"మా ఇంటామె సార్, నన్ను తీస్కపోనీకి వస్తుండె."