లేవి గుండెలో టిక్కుటిక్కు

“ఇనపడ్డంల్యా... ఏమప్పా, నీ గుండె చప్పుడు ఆగిపోయిండాది!”

“ఆగిపోతే నీతో ఎట్ల మాట్లాడతాండానే?” అన్నాడు లేవి, ఛాతీ మీద చెవి ఆనించిన భార్యను పక్కకు జరుపుతూ.

వరమ్మకు నవ్వు రాలేదు. లేవి గుండెలో లోహపు వాల్వు వేసి ఏళ్లయింది. అప్పటినుంచీ అది గోడగడియారంలా టిక్కుటిక్కుమంటూనే ఉంది. మొదట్లో ఆ మోతకు నిద్ర పట్టక విసుక్కున్న వరమ్మ, రానురాను అది వింటేగానీ కన్ను మూయలేని మనిషైపోయింది. “ఆ చప్పుడు మందగించిందంటే వాల్వు మీద నెత్తురు గడ్డకట్టినట్టు, వెంటనే తీసుకురావాలి” అని ఆనాడు డాక్టరు చెప్పిన మాట ఆమె మరిచిందే లేదు.

ఇక ఆమె కాలు ఒక చోట నిలిస్తే ఒట్టు. ఆదివారం చర్చిలో అందరూ పాట ఆపేసినా తానొక్కతే పాడుతూ ఉండిపోయింది. కర్నూలు నుంచి కూతురు రెజీనా ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రెజీనాయే ఓర్వకల్లులోని వాళ్లింటికి వచ్చి, సంగతి తెలుసుకుని, ఇద్దరినీ బస్సెక్కించింది. కర్నూలు బస్టాండులో వెనక నుంచి హారన్ కొట్టి కొట్టి విసిగిన ఆటోవాడు ముందుకొచ్చి మరీ తిట్టాడు.

“ధ్యాస యాడ పెట్టుకున్యావమ్మా!”

మొగుడి ప్రాణం మీద పెట్టుకుంది, ఇంకెక్కడ?

ఆసుపత్రిలో స్కానింగ్ చూసి డాక్టరు నొసలు ముడిచాడు. “గడ్డ ఉంది. బిళ్ళలు మానేశారా?”

“ల్యా సార్, తప్పకుండా మింగుతాండా,” అన్నాడు లేవి. “రక్తం పడతాదని దినామూ మునగాకు కూడా తింటాండా.”

“రక్తం గడ్డకట్టకుండా మేం బిళ్ళ ఇస్తే, ఆ బిళ్ళను పనిచేయనీయకుండా మీరు ఆకు తింటున్నారా! ఇంకొన్నాళ్లు పోతే వాల్వు బిగుసుకుపోయేది. అయినా ఇంత చిన్న గడ్డకు చప్పుడు మారదే, ఎట్లా కనిపెట్టారు?”

“మాయమ్మే సార్,” అంది రెజీనా గర్వంగా. “శానా దినాలుగా చప్పుడు ఇనపడ్డంల్యాదని ఒకటే పోరు.”

గడ్డను కరిగించే మందు సెలైన్‌లో ఎక్కించారు. అది వికటిస్తే తలలో నెత్తురు పారొచ్చని ముందే చెప్పారు. వరమ్మ వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉంది. కూతురు టీ తెస్తే చల్లారిపోయింది. ప్రార్థన మొదలుపెట్టడం, సగంలో లేచిపోవడం, ఇదే వరస.

మరునాడు మళ్లీ స్కానింగ్ చేశారు. “గడ్డ పూర్తిగా కరిగిపోయింది. వాల్వు కొత్తదానిలా ఆడుతోంది,” అన్నాడు డాక్టరు.

డాక్టరు పెదాల వంకే చూస్తున్న వరమ్మ ఒక్క ఉదుటున వెళ్లి లేవి ఛాతీ మీద చెవి ఆనించింది. చాలాసేపు అట్లాగే ఉండి, ఏడుపు ముఖంతో లేచింది.

“ఏం కరిగింది సార్? ఇంగా ఆగే ఉండాది!”

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ రెజీనా తెల్లబోయింది. “అదేందమ్మా, నాకు ఈడికే ఇనపడతాందే!”

గది నిశ్శబ్దంగా ఉంది. టిక్కు... టిక్కు... టిక్కు...

డాక్టరు మెల్లగా వరమ్మ వెనక్కు వెళ్లి, చెవి పక్కన చిటిక వేశాడు.

వరమ్మ తల తిప్పలేదు.