ఎదురిల్లు

"ఆర్విడ్ గారూ, కొంప మునిగింది! ఆవిడే వస్తోందట!"

ఎదురింటి ట్రూడీ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచు తొక్కుకుంటూ వీధి దాటి వచ్చింది. ఎనభై దాటిన ఆర్విడ్ సోల్బెర్గ్ పెరట్లో రబ్బరు గొట్టం పట్టుకుని నేల మీద నీళ్లు కొడుతున్నాడు. పడిన నీరు పడినట్టే గడ్డ కడుతోంది. అమెరికాలోని ఈ మినసోటా చలికాలంలో పిల్లలున్నవాళ్లు పెరట్లో ఇలా ఐసు పోసి స్కేటింగ్ ఆడిస్తారు. ఈయనకు పిల్లలు లేరు, పెళ్లే కాలేదు. అయినా ఏటా పోస్తాడు.

"ఎవరొస్తున్నారు?"

"ఇంకెవరు, జోలీన్ రైకర్! మేయర్ మా గోడకి ఇత్తడి పలక కొట్టిస్తున్నాడుగా, దానికి స్వయంగా వస్తోందట. ఇంకో గంటలో!"

ఆర్విడ్ చేతిలో గొట్టం కదలడం మానేసింది. నీళ్లన్నీ ఒకేచోట పడి ఐసు మీద బుడిపెలా గడ్డకట్టాయి.

జోలీన్ రైకర్ పేరు లిండెన్ ఫాల్స్ ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. స్కేటింగ్‌లో రెండు ఒలింపిక్ బంగారు పతకాలు తెచ్చిన మనిషి. ఆవిడ పుట్టి పెరిగిన ఇంటిని ఆరేళ్ల కిందట ట్రూడీ కొనుక్కుంది. పొద్దున్నే నైటీలో కాఫీ పెట్టుకుంటుంటే వంటింటి కిటికీలో అభిమానుల కెమెరాలు! ఒకామె గుమ్మం పట్టుకుని ఏడ్చింది కూడా. విసిగిపోయి ట్రూడీ ఒకరోజు "ఇది కాదండీ, ఎదురిల్లు" అనేసింది. అనేశాక పరుగున వెళ్లి, ఎవరైనా వస్తే ఏదో ఒకటి చెప్పి పంపెయ్యమని ఆర్విడ్‌ని బతిమాలుకుంది.

వచ్చినవాళ్లకు ఆయన చెప్పడం మొదటిసారి విన్నప్పుడు ట్రూడీ నోరు వెళ్లబెట్టింది. "ఇదిగో, ఈ పొయ్యి పక్కనే మేజోళ్లు ఆరేసుకునేది. ఈ మెట్టు మీద పడి ముందుపన్ను విరగ్గొట్టుకుంది." తలుపు వెనక కొక్కేనికి చిన్న ఎర్ర ఉన్ని టోపీ కూడా వేలాడుతోంది! పాత సామాన్లు అమ్మేచోట కొని ఉంటాడనుకుని ట్రూడీ మురిసిపోయింది. ఇంత ముచ్చటగా అబద్ధమాడే మనిషిని ఆమె జన్మలో చూడలేదు.

"ఇంతకీ మీరు ఆవిణ్ణి నిజంగా ఎరుగుదురా?" అని ఒకసారి అడిగింది.

"ఎదురింటి పిల్ల. కంటపడేది," అని ఆయన మాట మార్చేశాడు.

ఇప్పుడేమో ట్రూడీ ఆయన్ని తొందరపెట్టింది. "తలుపేసుకుని లోపలే ఉండండి. ఊరంతా వస్తోంది, అబద్ధం బయటపడితే మిమ్మల్ని నలుగురిలో దులిపేస్తారు."

"వస్తానమ్మాయ్. దూరం నుంచైనా చూడాలని ఉంది," అన్నాడు ఆర్విడ్.

గంట తిరిగేసరికి ట్రూడీ ఇంటి ముందు ఇసకేస్తే రాలనంత జనం. మేయర్ డ్వైట్ గోడకు పలక కొట్టించాడు. 'ఒలింపిక్ విజేత జోలీన్ రైకర్ ఈ ఇంట్లో నివసించారు.'

"ఇదేంటి, ఇల్లు అది కదా!" జనంలోంచి ఒకామె అరిచింది. "ఆ ముసలాయన మాకు టోపీ కూడా చూపించాడు!"

"మాకూ చూపించాడు! మా ఆయన దాన్ని ఫొటో తీసి ఫ్రేం కట్టించాడు!"

"రికార్డుల్లో ఉన్నది ఈ ఇల్లే," అన్నాడు మేయర్. తర్వాత వీధికి అటువైపు నిలబడ్డ ఆర్విడ్ వంక తిరిగాడు. "ఏం పెద్దమనిషీ, ఈ వయసులో మీకిదేం పని?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆర్విడ్ తల వంచుకున్నాడు. ట్రూడీ ముందుకొచ్చింది. "ఆయన్నేమీ అనకండి, అదంతా నేనే..." అనబోయింది. అంతలో కారొచ్చి ఆగింది.

జోలీన్ దిగింది. ఆ చలిలో కూడా మగవాళ్లు టోపీలు తీసేశారు. టీవీలో గాలిలో గిర్రున తిరిగిన మనిషి, ప్రపంచమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిన మనిషి, ఇప్పుడు ట్రూడీ గుమ్మం ముందు ఉంది! ట్రూడీ చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది.

జోలీన్ పలక చదివింది. తలెత్తి మేడమీద కిటికీ వంక ఒక్కసారి చూసి, చటుక్కున చూపు తిప్పుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా వీధి దాటింది. ఆర్విడ్‌ని కూడా దాటుకుని ఆయన ఇంటి పక్కనుంచి సరాసరి పెరట్లోకి నడిచింది. ఏమైందో అర్థంకాక జనమంతా వెనకే వెళ్లారు.

పెరడంతా ఐసు ఎండకు మెరిసిపోతోంది. జోలీన్ వంగి, చేతి తొడుగు తీసేసి, అరచేత్తో దాన్ని నిమిరింది.

"పెద్దాయనా, ఇంకా పోస్తూనే ఉన్నావా?"

"నువ్వెప్పుడొస్తావో తెలీదుగా," అన్నాడు ఆర్విడ్.

"ఇక్కడ బుడిపె వదిలేశావేం? పడిపోనూ?"

"చెక్కేస్తాలే."

"మా ఇంటి గొడవ ఎవరికీ చెప్పొద్దని చిన్నప్పుడు నీతో అన్నాను."

"చెప్పలేదమ్మా."

ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేయర్ మెల్లగా దగ్గాడు. "మేడమ్, ఫొటో తీయించాలి. మీ ఇల్లు అటుపక్క..."

జోలీన్ ఆర్విడ్ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"పలక మీద రాసింది నిజమే మేయర్ గారూ, కొట్టిన గోడే తప్పు. ఆ ఇంట్లో నేను పడుకునేదాన్ని, అదీ మా నాన్న తాగని రాత్రుల్లో. ఉన్నది మాత్రం ఇక్కడ."