సర్కారు మూయించిన యాప్

చైనాతో సరిహద్దులో గొడవై, సర్కారు వాళ్ల పెట్టుబడులకు అడ్డం పెట్టి, వాళ్ల యాప్‌లు కూడా మూయించిందని టీవీలో చెప్పగానే నేను గోపాల్‌పూర్ సముద్రపొడ్డు అదిరేలా ఈల వేశాను.

మా ఆవిడ జగ్గమ్మ రెండేళ్లుగా ఎండుచేపలు తిరగేస్తూ ఆ యాప్‌లలో ఒకదాంట్లోనే డ్యాన్సులు ఆడుతోంది. నేను రోజూ వెనక నిలబడి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టేవాణ్ణి. ఆవిడ ఫోను ఆపేది కాదు.

"ఏటే, ఇంక నీ గెంతులు కట్టేనా?" అన్నాను.

"నవ్వు, నవ్వు. ఆ వీడియోలు సూసే గదా బరంపురం జనం నా సేపలు కొంతన్నారు. ఇప్పుడెవుడొస్తాడు?" అంది.

వారమైనా ఒక్క బేరం తగల్లేదు. నేనూ ఈలలు మానేసి రోడ్డుకేసి చూడ్డం మొదలెట్టాను.

ఆదివారం బరంపురం పక్క హల్దియాపదర్ నుంచి ఓ ఆటో వచ్చి, నలుగురు ఆడపిల్లలు దిగారు. జగ్గమ్మ ఎదురెళ్లింది. వాళ్లు ఆవిణ్ణి దాటుకుని నా దగ్గరికొచ్చారు.

"తాతా, యాప్ పోనాదని ఇక్కడికే వచ్చీసినాం. ఓపాలి తిట్టవా?"

నేను జగ్గమ్మకేసి చూశాను.

"నా గెంతులెవుడిక్కావాల? అందరూ నీ తిట్లకే సూసీవోరు. సెప్తే మానేస్తావని సెప్పనేదు" అంది.

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినవన్నీ తిట్టాను. పిల్లలు పడీపడీ నవ్వి, చేపలన్నీ కొనుక్కుపోయారు.

ఇప్పుడు రోజూ ఉతికిన చొక్కా తొడుక్కుని జగ్గమ్మ పక్కనే కూర్చుంటున్నాను. మొదటి తిట్టు ఆ యాప్ మూయించిన సర్కారుకే.