ఊదపిల్లల బెంగ

వరిమడిలో ఊద అనే కలుపుగడ్డి మొక్కలు మొలిచాయి. వాటి కాడలు ఎంత ఎరుపంటే, సూర్యుడు సిగ్గుపడి మబ్బు కప్పుకునేవాడు. ఒక్క చిన్నది మాత్రం వరిలా పచ్చగా పుట్టింది.

"ఓసి పాలిపోయినదానా, మన వంశమేనా నువ్వు?" అని అక్కలు ఏడిపించారు.

ఇంతలో గవరమ్మ కలుపు తీయడానికి దిగింది. ఆవిడ చెయ్యి చాపితే సగం ఆకాశం మూసుకుపోయింది! ఎర్ర కాడల్ని పీకి గట్టు మీదకు విసిరింది.

"పారిపోవే చెల్లీ!"

"వేళ్లు మట్టిలో ఉన్నాయి కదే అక్కా!"

గవరమ్మ చిన్నదాని మెడ పట్టుకుంది. "ఛ, ఇది వరే," అని వదిలేసింది.

చిన్నది పూసి, పుప్పొడి దులిపి, లోకంలో పట్టనన్ని గింజలు రాల్చింది. మరుసటేడు మడినిండా తల్లిలాంటి పచ్చపిల్లలే.

గవరమ్మ మళ్లీ దిగింది. ఈసారి ఇంకా వంగి, ఆకు మొదలు విప్పి, వరికుండే చిన్న పొర ఉందా అని మరీ చూస్తోంది. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు: మనలో ఎవరిది వరికి ఇంకాస్త దగ్గరి పోలిక?