నైరుతి మూల

పొద్దున్నే పూలు కోసుకుని లోపలికి రాబోతున్న అత్తగారిని వీధి తలుపు "తమరెవరండీ?" అని అడిగేసరికి లాస్య పరుగున వచ్చింది. వంటింట్లో పొయ్యి కూడా కొత్త కోడలిలా, "ఉప్పు ఎంత వెయ్యమంటారు?" అంటోంది. అంటే ఇంటి జ్ఞాపకాలన్నీ దాచే పెట్టె మాట వేటికీ అందడం లేదన్నమాట. దానిలోని కొలతలతోనే పదేళ్లుగా పొయ్యి వండుతోంది. మధ్యాహ్నం భోజనానికి ఆడపడుచు వైపు వియ్యపురాలు వస్తోంది. పోయినసారి తిన్న గుత్తివంకాయే కావాలని మరీ మరీ చెప్పింది.

లాస్య స్విచ్చులన్నీ ఆపి మళ్లీ వేసింది. తలుపు మళ్లీ అదే ప్రశ్న అడిగింది. అలమర తెరిచి చూస్తే అసలు పెట్టే లేదు.

"పెట్టెను ఎక్కడైనా చూశారా అత్తయ్యా?"

"నన్నే ఎవరని అడిగే ఇంట్లో నేనేం చెప్తాను!" అంది శిరీషమ్మ అలిగి.

ఇక తనే వండుదామని లాస్య మూలనున్న స్టీలు డ్రమ్ములో బియ్యానికి చెయ్యి పెట్టింది. గట్టిగా ఏదో తగిలింది. బియ్యం మధ్య పచ్చదీపంతో హాయిగా వెలుగుతోంది పెట్టె. అంత స్టీలు దాటి దాని మాట బయటికెలా వస్తుంది?

"ఇదేం పని అత్తయ్యా!"

"వాస్తు ప్రకారం బరువు ఈ నైరుతి మూలనే ఉండాలమ్మా. మూడు తరాల సంగతులు అందులోనే ఉన్నాయన్నావుగా. ఇంట్లో అంతకంటే బరువైనదేముంది?"

లాస్యకు నవ్వాగలేదు. పెట్టెను తుడిచి, అలమర వైపు వెళ్లబోయి, వెనక్కి వచ్చి డ్రమ్ము మూతమీదే పెట్టింది.

"శిరీషమ్మగారికి ఎప్పటిలాగే కారం తగ్గించనా?" అంది పొయ్యి.

"తెలిసిందా నేనెవరో!" అంటూ ఆవిడ వంకాయల బుట్ట ముందుకు జరిపింది.