అనంతం పోగా మిగిలింది

"వెళ్దామా తల్లీ? ఆయన వచ్చేశారు," అన్నారు మాస్టారు గుమ్మంలో నిలబడి.

ఆమె లేవబోయింది. మళ్లీ కూర్చుండిపోయింది.

ఎలక్ట్రాన్ అయస్కాంత బలం ఎంతో కాగితం మీద తేల్చే లెక్క ఆమెది. మూడేళ్లు చేసింది. మామూలుగా కడితే ఆ లెక్కలో అడుగడుగునా అనంతం వచ్చి కూర్చుంటుంది. ముందు ఒక హద్దు గీసి దానికి కళ్లెం వెయ్యాలి. ఆ తర్వాత ఎలక్ట్రాన్ బరువులోకీ విద్యుదావేశంలోకీ దాన్ని సర్దెయ్యాలి. అదంతా పోగా మిగిలిన సంఖ్యను ఆమె పన్నెండు అంకెల వరకూ అచ్చువేయించింది.

ఇప్పుడు ఎక్కడి నుంచో ఒకాయన అదే లెక్కను వేరే దారిలో చేసుకొచ్చాడు. హద్దు గీయలేదట. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలం అనే దేశకాలాల నాలుగు కొలతల సంఖ్యను పిసరంత తగ్గించి అనంతాన్ని లొంగదీశాడట.

"దారి ఏదైతేనేం, చివరికి ఒకే సంఖ్య రావాలిగా! బిగుసుకుపోయావేంటి? నీ లెక్క మీద నీకే నమ్మకం లేదా?" అన్నారు మాస్టారు.

"ఉంది సార్." లేచి ఆయన వెనకే నడిచింది.

హాలు కిక్కిరిసి ఉంది. ఆమె తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చుంది. అతిథి గంటసేపు బోర్డు నింపాడు, తుడిచాడు, మళ్లీ నింపాడు. ఆమెకు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

చివరికి ఆమె సంఖ్యను పైన రాశాడు. దాని కింద తన సంఖ్య, ఒక్కొక్క అంకే.

ఐదు కలిశాయి. ఆరు. ఏడు. ఎనిమిది.

అక్కడ ఆగి సుద్దముక్క మార్చుకున్నాడు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. పరువు, ఉద్యోగం, మాస్టారి పేరు, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు మెదిలాయి.

చప్పట్లు.

కళ్లు తెరిచింది. పన్నెండుకు పన్నెండూ కలిశాయి.

"చూశావా, నేను చెప్పలా!" మాస్టారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు.

అతిథి ఆమె దగ్గరికొచ్చి చెయ్యి కలిపాడు. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. "మీ అంకెలు చూడకుండానే చేశానండీ," అన్నాడు, ఆమె ముఖంలోకి చూడకుండా.

ఇంతసేపూ పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆమె లెక్క ఎనిమిదో అంకె దగ్గరే ఆగిపోయింది; ఆ తర్వాతి నాలుగూ తమ్ముడి బండి నంబరు.