పరీక్షకు ఇచ్చిన రొయ్యలు

ఎవరో పెద్దాయన రొయ్యల గుంట గట్టెక్కి వస్తుంటేనే పెంచలప్రసాద్ గుండె జారింది.

తెల్లచొక్కా, జేబులో పెన్ను, చేతిలో థర్మాకోల్ పెట్టె. ఆఫీసు మనిషి కాక ఇంకెవరు?

"సార్, మాది సూళ్లూరుపేట. రొయ్యలు అరకిలో కావాల. తలకాయలతోనే. ఈ గుంటలోవే."

"ఎందుకూ?"

"పరీక్ష చేయించాల. సీసం ఉండాదేమోనని."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం ప్రసాద్. కాలువకు ఎగువన పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు వెలిసినప్పటి నుంచీ అతనికీ అదే అనుమానం. ఆ కాలువ నీళ్లే అతని నీలకంఠ రొయ్యలకు ఆధారం. ఏడాదిగా ఆ రొయ్యను తన ఇంట్లో వండనివ్వడం లేదు. అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచిస్తే పంట ఎవరు కొంటారు?

"మా పాపకు..." అంటూ పెద్దాయన ఏదో చెప్పబోయాడు.

"అన్నీ తర్వాత మాట్లాడుకుందాం సార్. ముందు నీడన కూర్చోండి."

కుర్చీ వేశాడు. టీ తెప్పించాడు. వల తెస్తానని బండెక్కి, ఊరవతల ఉన్న బావమరిది పెంచలకృష్ణ గుంటకు పోయాడు. అది బోరు నీళ్ల గుంట. అక్కడ అరకిలో పట్టించాడు. తిరిగొచ్చి, తన గుంట అవతలి మూల దిగి, మోకాళ్ల దాకా తడుపుకొని మరీ పెద్దాయన ముందుకొచ్చాడు.

"మీకోసం నేనే దిగి పట్టినా సార్."

పెద్దాయన కళ్లు చెమర్చాయి. "వేరే వాళ్లయితే తరిమేవాళ్లు."

ఆ సాయంత్రం బావా బావమరుదులు కడుపుబ్బ నవ్వుకున్నారు.

"నా రొయ్య నీ గుంటకు సర్టిఫికెట్టు తెస్తాది బావా!" అన్నాడు పెంచలకృష్ణ.

తెచ్చింది కూడా. ఇరవై రోజులకు పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"సీసం లేదన్నారు సార్. మీకు అమ్ముకునేదానికి పనికొస్తాదని ఒక జిరాక్స్ తీయించుకొచ్చినా."

ప్రసాద్ ఆయన జేబులో డబ్బుల కవరు పెట్టబోయాడు. పెద్దాయన వెనక్కి జరిగాడు.

"ఉపకారం చేసింది మీరు. మళ్లీ ఇదేంది సార్?"

ప్రసాద్‌కు లోపలెక్కడో సిగ్గేసింది. దులిపేసుకున్నాడు. కాగితానికి లామినేషన్ చేయించి రొయ్యలు కొనే ఏజెంటుకు చూపించాడు. ఏజెంటు వెంటనే సరేనన్నాడు.

ఇక వారం వారం పెద్ద రొయ్యలు ఏరి పట్టడం మొదలైంది. గట్టు మీద ఆడవాళ్లు తలలు తీసి రొయ్యలను ఐసులో వేసేవాళ్లు. తలకాయలు వాళ్లకే. పులుసు పెట్టుకుంటారు. కూలికి తోడు ఇది ప్రసాద్ తండ్రి కాలం నుంచీ ఉన్న మామూలు.

నాలుగో వారం ఆ కూలీల్లో ఒకామె, ఎలిశబెతు, పనికి రాలేదు. పదేళ్లలో రొయ్యలు పట్టే రోజు ఒక్కటీ మానని మనిషి.

"కూతురికి బాగలేదంటన్నా" అంది తోటి కూలీ భానుప్రియ.

"దాని వాటా దానికి పోవాల గదా" అని ప్రసాద్ క్యారియర్ నిండా తలకాయలు పెట్టించుకుని తానే బయల్దేరాడు. తన మంచితనం అప్పుడప్పుడూ నలుగురికీ తెలియాలి మరి!

ఎలిశబెతు ఇంటి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

లోపల చాప మీద ఏడేళ్ల పిల్ల. చేతుల్లో పట్టు లేదు. ఆ పెద్దాయనే పక్కన కూర్చుని చెంచాతో అన్నం తినిపిస్తున్నాడు.

"సార్! మీరా!" పెద్దాయన గబగబా లేచాడు. "లాజరస్ నా పేరు. ఎలిశబెతు నా బిడ్డే. పేరు బయటపెడితే పని పోతాదని చెప్పొద్దనింది. ఇది మనవరాలు, అబిగయీలు."

"పాపకేమైంది?"

"రక్తంలో సీసం ఉండాదంట సార్. ఏ తిండిలో వస్తాందో కనుక్కోమన్నాడు డాక్టరు. పప్పు, పసుపు, తాగే నీళ్లు, అన్నీ పరీక్షకిచ్చినాం. యాడా దొరకలా."

నిజం ప్రసాద్ నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. జీవితంలో మొదటిసారి తన ముఖం తనకే అసహ్యమనిపించింది.

ఎలిశబెతు వచ్చి క్యారియర్ అందుకోబోయింది. అతని వేళ్లు పిడిని వదల్లేదు.

"ఇయ్యండి సార్" అన్నాడు లాజరస్ చేతులు జోడించి. "మీ రొయ్యల్లో ఏమీ లేదని తేలినాక, మిగతావన్నీ మానిపించి బిడ్డకు ఈ తలకాయల పులుసొక్కటే ధైర్యంగా పెడుతుండాం."